వేగదేవతకు విరిగిన పిస్టన్ల నివేదన

మోటారు వాహనాల చరిత్ర రాసేవారు సాధారణంగా కర్మాగారాల పేర్లతో ప్రారంభించి కర్మాగారాల పేర్లతోనే ముగిస్తారు. ఆ మహాసంస్థల నీడలో, ఇంటి వెనుక షెడ్డులో ఆకురాయి పట్టుకుని జీవితకాలం గడిపిన మనుషుల ఊసు ఆ గ్రంథాలలో అధోజ్ఞాపికలను దాటి రాదు. అటువంటివారిలో అగ్రగణ్యుడు బర్ట్ మన్రో. న్యూజిలాండ్ దేశపు దక్షిణ కొసన ఉన్న ఇన్వర్‌కార్గిల్ పట్టణవాసి. గంటకు 55 మైళ్ళకు మించి పోలేని 1920 నాటి మోటారు సైకిలును నాలుగు దశాబ్దాలకు పైగా స్వహస్తాలతో మార్చి, మార్చి, చివరకు 180 మైళ్ళు దాటించినవాడు. ఆ పని పూర్తయ్యేనాటికి ఆయన వయస్సు 68 సంవత్సరాలు.

2005లో ఆంథొనీ హాప్కిన్స్ ఆయన పాత్ర ధరించిన ఆంగ్ల చలనచిత్రం వచ్చిన తరువాత మన్రో పేరు ఖండఖండాంతరాలకు వ్యాపించింది. ఆ చిత్రం పేరు ‘ది వరల్డ్స్ ఫాస్టెస్ట్ ఇండియన్’. పేరు మాత్రమే విన్నవారు ఆయన మన దేశస్థుడని పొరబడే అవకాశం లేకపోలేదు. ఆ ‘ఇండియన్’ మనిషి కాదు, యంత్రం. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో 1901లో పుట్టిన మోటారు సైకిళ్ళ సంస్థ, ఆ దేశపు ఆదివాసులను తలపించేలా పెట్టుకున్న వ్యాపార నామం అది. ఆ సంస్థ 1920 నమూనాగా విడుదల చేసిన చిన్న బండి పేరు స్కౌట్. చార్లెస్ ఫ్రాంక్లిన్ అనే ఐర్లండు ఇంజనీరు దాని రూపకర్త. రెండు సిలిండర్లు ‘వి’ ఆకారంలో అమరిన 600 సి.సి. ఇంజను, నమ్మకస్థురాలైన ఎద్దుబండి వంటి వాహనమే తప్ప పందెపు గుర్రం కాదు.

హెర్బర్ట్ జేమ్స్ మన్రో 1899 మార్చి 25న జన్మించాడు. ఆయనతో కవలగా పుట్టిన ఆడశిశువు పుడుతూనే మరణించింది. ఈ బిడ్డ కూడా రెండేళ్ళకు మించి బతకడని వైద్యులు తల్లిదండ్రులకు చెప్పారట. ఇన్వర్‌కార్గిల్‌కు సమీపంలోని ఈడెన్‌డేల్‌లో తండ్రికి వ్యవసాయ క్షేత్రం ఉండేది. పొలంలోని గుర్రాలలో అతి వేగంగా పరుగెత్తేదానిని ఎక్కి తిరగడం బాల్యంలో ఆయనకు సరదా, తండ్రికి తలనొప్పి. పొలం పనికి వెలుపల కొడుకు పెంచుకున్న ఆసక్తులేవీ ఆ తండ్రికి రుచించలేదు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు, వయస్సు నిండగానే సైన్యంలో చేరి లోకం చూడాలని యువకుడు కలలు కన్నాడు గాని ఆ అవకాశం దక్కలేదు. దక్షిణ ఆల్ప్స్ పర్వతాల కింద తవ్వుతున్న ఒటీరా రైలు సొరంగంలో కొంతకాలం కూలిపని చేశాడు. తండ్రి కొత్త పొలం కొనగానే మళ్ళీ సేద్యానికి పిలుపు వచ్చింది.

స్కౌట్ బండి ఆయన చేతికి వచ్చింది ఆ కాలంలోనే. దాని ఇంజను సంఖ్య 50ఆర్627. కొత్త బండిగా కొన్నాడు. ఎన్నడూ అమ్మనన్నంత పట్టుదలతో ఉంచుకున్నాడు. 1926 నుండి దానిని మార్చడం మొదలుపెట్టాడు. మొదట్లో ఇది యువకులందరికీ ఉండే మోజే. పందాలలో పాల్గొనేవాడు, మోటారు సైకిళ్ళు అమ్మే ఉద్యోగం చేసేవాడు. 1927లో ఫ్లోరెన్స్ బెరిల్ మార్టిన్‌తో వివాహమైంది, నలుగురు పిల్లలు. 1930ల ఆర్థిక మాంద్యం ఆయనను మరల కొంతకాలం పొలానికి పంపింది. తరువాత తిరిగి మోటారు సైకిళ్ళ దుకాణంలో విక్రేతగా, మెకానిక్‌గా కుదురుకున్నాడు. పగలు ఇతరుల బండ్లు, రాత్రి తన బండి. 1938లో న్యూజిలాండ్ వేగ రికార్డును తొలిసారి సాధించాడు. దేశీయంగా ఆ తరువాత మరో ఏడు రికార్డులు ఆయన ఖాతాలో చేరాయి.

1947లో దంపతులు విడాకులు తీసుకున్నారు. ఆయన అభిమానులు రాసిన వ్యాసాలు చాలావరకు ఈ విషయాన్ని ఒక వాక్యంలో దాటవేస్తాయి. రాత్రింబవళ్ళు ఇనుముతో కాపురం చేసే మనిషితో నలుగురు బిడ్డల తల్లి కాపురం చేయడం ఎంత కష్టమో ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు. ఆయన సాధించినదానికి ఆయన ఒక్కడే మూల్యం చెల్లించలేదన్నది గుర్తుంచుకోదగిన సంగతి. కొద్దికాలానికే ఉద్యోగం కూడా మానేశాడు. పడక, పనిముట్లు, రెండు బండ్లు, అన్నీ ఒకే షెడ్డులోకి చేరాయి. రెండవ బండి 1936 నాటి వెలోసెట్; దానినీ ఆయన వదలలేదు.

ఇక ఆ షెడ్డులో జరిగిన పనిని కొంచెం నిదానంగా చూడాలి. ఆయన కథలో అసలు సారం అక్కడే ఉంది.

ఒక ఇంజను నుండి అధిక శక్తి రాబట్టడానికి మార్గాలు కొన్నే. సిలిండరును తొలిచి వెడల్పు చేయవచ్చు. ఇంధన మిశ్రమాన్ని మరింతగా నొక్కి మండించవచ్చు. ఇంజనును మరింత వేగంగా తిప్పవచ్చు. లేదా లోనికి పోయే గాలిని బలవంతంగా పెంచవచ్చు. ఈ చివరి మార్గమే నేడు మనం టర్బో అని పిలిచేది. బయటికి పోయే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రపు ఇరుసుకు రెండవ కొసన ఉన్న మరో చక్రం గాలిని ఒత్తి సిలిండరులోకి నెడుతుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూకి ఈ పద్ధతికి 1905లోనే పేటెంటు పొందాడు. మన్రో ఈ నాలుగవ మార్గం జోలికి పోలేదు. మొదటి మూడు మార్గాలను మాత్రం అంతు చూశాడు.

స్కౌట్ ఇంజను సైడ్ వాల్వు రకానిది. అంటే వాల్వులు సిలిండరు పక్కన నిలబడి ఉంటాయి. ఇంధన మిశ్రమం పైకి లేచి, పక్కకు తిరిగి, పిస్టన్ మీదికి చేరాలి. మండే గది కూడా వెడల్పుగా పరచుకుని ఉండడం వల్ల మిశ్రమాన్ని గట్టిగా నొక్కడం సాధ్యపడదు. మన్రో ఈ అమరికను పూర్తిగా తీసివేసి, వాల్వులను సిలిండరు నెత్తిన అమర్చే ఓవర్ హెడ్ పద్ధతికి మార్చాడు. కర్మాగారంలో నిపుణుల బృందం నమూనాలు గీసి చేసే పని ఇది. మరొకటి, స్కౌట్‌లో ఒక్కొక్క సిలిండరు యొక్క రెండు వాల్వులనూ ఒకే క్యామ్ నడిపేది. లోనికి గాలి వచ్చే వేళను మార్చితే పొగ పోయే వేళ కూడా మారిపోతుంది. ఒకదానిని సరిచేస్తే రెండవది చెడుతుంది. అందుకని ఆయన నాలుగు వాల్వులకు నాలుగు క్యామ్‌లు ఉండేలా కొత్త యంత్రాంగాన్ని తానే రూపొందించుకున్నాడు.

పిస్టన్లను కొనలేదు, పోత పోశాడు. పాత డబ్బాలు అచ్చులుగా, పనికిరాని పాత పిస్టన్లు ముడిలోహంగా ఉపయోగపడ్డాయి. సిలిండరు గొట్టాలకు తీసివేసిన పాత గ్యాసు గొట్టాల పోత ఇనుము పనికివచ్చింది. కనెక్టింగ్ రాడ్ల కోసం ట్రాక్టరు ఇరుసు తెచ్చి, దానిని కోసి, చెక్కి, ఆకురాయితో అరగదీసి, కాల్చి పదును పెట్టాడు. ఫ్లైవీళ్ళు, క్లచ్చి, సమస్తమూ ఇంటి తయారీ. సూక్ష్మమైన కొలతలకు మైక్రోమీటరు కావాలి. ఆయన ఒక పాత చక్రపు స్పోకును ఆ పనికి మలచుకున్నాడు. టైర్ల మీది గుబ్బలను కత్తితో చెక్కి నునుపు చేసేవాడు. అతివేగంలో చక్రం తిరిగినప్పుడు ఆ గుబ్బలు ఊడి ఎగిరిపోతాయన్న భయం అకారణమైనది కాదు.

ఇదంతా విన్నవారికి మన్రో లోభి అనో, పేదరికం వల్ల ఇలా చేశాడనో అనిపించవచ్చు. డబ్బు తక్కువన్నది నిజమే. అసలు కారణం మరొకటి. ఆయనకు కావలసిన భాగాలు లోకంలో ఏ దుకాణంలోనూ లేవు. స్కౌట్ బండికి ఆ వేగంలో నడిచే పిస్టన్ ఎవరు తయారుచేస్తారు? 1953లో ఇండియన్ సంస్థ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉత్పత్తినే నిలిపివేసింది. అప్పటి నుండి ఆ యంత్రానికి కర్మాగారం ఏదైనా ఉందంటే అది ఇన్వర్‌కార్గిల్‌లోని ఆ షెడ్డే.

ఇంట్లో ఇంజను బలం పెంచే పనికి దిగిన ప్రతివాడూ, అమెరికాలో వి-8 కారుకు టర్బో బిగించేవాడైనా, మరెక్కడైనా బండిని తొలిచి పెంచేవాడైనా, ఒకే చోట దెబ్బ తింటాడు. శక్తి పెరిగిన మరుక్షణం అంతకు పూర్వం చాలినంత బలంగా ఉన్న మరో భాగం బలహీనమవుతుంది. పిస్టన్ గట్టిపడితే రాడ్డు వంగుతుంది. రాడ్డు నిలిస్తే బేరింగు కరుగుతుంది. ఇంజనంతా నిలిస్తే క్లచ్చి జారుతుంది. పైగా ఇంజను తిరిగే వేగం రెట్టింపయితే పిస్టన్‌ను ముందుకు వెనుకకు లాగే బలం నాలుగు రెట్లవుతుంది. మన్రో ఈ సత్యాన్ని పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. ఆయన షెడ్డులో ఒక గోడ బల్ల మీద పగిలిన పిస్టన్లు, విరిగిన రాడ్లు, చీలిన సిలిండర్లు వరుసగా పేర్చి ఉండేవి. అవి వేగానికి అధిదేవతకు తాను సమర్పించిన నైవేద్యాలని అక్కడ రాసి పెట్టుకున్నాడు. హాస్యమే గాని, పారవేయకుండా దాచుకోవడంలో వివేకం కూడా ఉంది. ఏ లోహం ఎక్కడ, ఏ దిశగా చీలిందో ఆ ముక్కలే చెబుతాయి. ఆయనకు అదే గ్రంథాలయం.

పరీక్షాస్థలం ఊరికి చేరువలోని ఒరేటీ సముద్రతీరం. ఆటు వేళ తడి ఇసుక గట్టిపడి మైళ్ళ పొడవున రహదారిలా పరచుకుంటుంది. అక్కడ పడిన దెబ్బలు, పోయిన చర్మం లెక్క వేరు. 1950ల చివరలో గుండెనొప్పి కూడా మొదలైంది. సాధారణంగా మనుషులు విశ్రాంతి గురించి ఆలోచించే ఆ దశలో ఆయన అమెరికా ప్రయాణం గురించి ఆలోచించాడు. ‘బెర్ట్’ అన్న పేరు ‘బర్ట్’గా మారింది కూడా ఆ రోజుల్లోనే. 1957లో ఒక అమెరికా పత్రిక పేరును తప్పుగా అచ్చువేస్తే, ఆయన దానిని సరిదిద్దమనకుండా తన పేరునే మార్చుకున్నాడు.

అమెరికాలోని యూటా రాష్ట్రంలో బోనవిల్ అనే ఉప్పు మైదానం ఉంది. ఏనాడో ఎండిపోయిన మహాసరస్సు అవశేషం. కనుచూపు మేర చెట్టూ గుట్టా లేని తెల్లని నేల. వేసవి చివర్లో ఉప్పు పొర గట్టిపడినప్పుడు వేగ పరీక్షలు జరుగుతాయి. సముద్రమట్టానికి సుమారు 4,200 అడుగుల ఎత్తులో ఉండడం వల్ల అక్కడి గాలి సాంద్రత ఇన్వర్‌కార్గిల్ గాలి కన్నా ఇంచుమించు ఎనిమిదో వంతు తక్కువ. గాలి పలుచబడితే ఇంజను ఊపిరి కూడా తగ్గుతుంది. టర్బో అసలు వైమానిక రంగంలో పేరు తెచ్చుకున్నది ఈ కారణంగానే. 1918లో శాన్‌ఫర్డ్ మాస్ అనే ఇంజనీరు 14,000 అడుగుల ఎత్తున్న పైక్స్ శిఖరం మీదికి విమాన ఇంజనును మోయించి మరీ దాని సత్తా నిరూపించాడు. మన్రో బండికి ఆ సౌకర్యం లేదు. ఉన్న గాలితోనే సరిపెట్టుకోవాలి. అయితే పలుచని గాలి ఎదురు ఒత్తిడిని కూడా తగ్గిస్తుంది కనుక నష్టం పూర్తిగా నష్టం కాదు.

ఎదురుగాలి లెక్క చూస్తే ఆయన సాహసం తీవ్రత తెలుస్తుంది. వేగం రెట్టింపయితే గాలిని చీల్చుకుపోవడానికి ఎనిమిది రెట్లు శక్తి కావాలి. 55 మైళ్ళ నుండి 184 మైళ్ళకు చేరాలంటే, బండి ఆకారం మారకపోతే, దాదాపు 37 రెట్లు శక్తి అవసరం. ఎంత తొలిచినా 600 సి.సి. ఇంజను అంత ఇవ్వదు. కనుకనే ఆయన బండి చుట్టూ చేప ఆకారపు తొడుగు కట్టాడు. మనిషి దానిలో బోర్లా ఒదిగి పడుకోవాలి. శక్తి కొంత పెంచి, ఎదురుగాలి కొంత తగ్గించి, రెండు వైపుల నుండి సమస్యను ముట్టడించాడన్నమాట.

మొదటిసారి ప్రేక్షకుడిగా చూసి వచ్చాడు. ఆ తరువాత తొమ్మిది పర్యాయాలు పోటీలో పాల్గొన్నాడు. అక్కడ ఆయనకు లభించిన స్నేహితులలో రోలీ ఫ్రీ ఒకడు. 1948లో ఈత దుస్తులతో విన్సెంట్ బండి మీద బోర్లా పడుకుని 150 మైళ్ళ వేగం దాటిన ఛాయాచిత్రం ఎవరిదో ఆ ఫ్రీ ఇతడే. పిచ్చివాడికి పిచ్చివాడి విలువ తెలుస్తుందేమో.

1962 ఆగస్టులో మన్రో ఇంజనును 850 సి.సి.కి పెంచి, 883 సి.సి. తరగతిలో గంటకు 178.95 మైళ్ళ, అంటే 288 కిలోమీటర్ల వేగంతో రికార్డు నెలకొల్పాడు. అప్పటికి ఆయనకు 63 ఏళ్ళు, బండికి 42 ఏళ్ళు. ఇక్కడ ఒక కాకతాళీయం గమనించదగినది. అదే 1962లో అమెరికా కార్ల సంస్థలు టర్బో అమర్చిన కార్లను తొలిసారిగా జనానికి అమ్మకానికి పెట్టాయి. ఓల్డ్స్‌మొబిల్ వారి జెట్‌ఫైర్, షెవర్లే వారి కోర్వేర్ మోంజా స్పైడర్ ఆ రెండు. జెట్‌ఫైర్ ఇంజను వేడికి తట్టుకోలేక కొట్టుకోకుండా ఉండడానికి నీరు, ఆల్కహాలు కలిపిన ద్రవాన్ని వేరే తొట్టెలో పోయాల్సివచ్చేది. యజమానులు పోయడం మరిచేవారు. కోట్ల డాలర్ల పరిశోధనాలయాలున్నవారికి కూడా పిస్టన్లను కాపాడుకోవడం అంత తేలిక కాలేదు. 1964లో పాంటియాక్ జి.టి.ఓ. రాకతో ‘మజిల్ కార్’ వ్యామోహం మొదలై, ఆ దేశపు యువకులందరూ పెద్ద ఇంజన్ల వెంట పడ్డారు. ఆ కోలాహలం మధ్య ఒక ముసలివాడు తన తండ్రుల కాలపు బండితో ఏటేటా ఉప్పు మైదానానికి వచ్చిపోతుండేవాడు.

1966లో 1000 సి.సి. తరగతిలో 168.07 మైళ్ళు. 1967లో ఇంజను 950 సి.సి.కి చేరింది. ఆ ఏడాది అర్హత పరీక్షలో ఒక దిశలో గంటకు 190.07 మైళ్ళు, అంటే 305 కిలోమీటర్లకు పైగా వేగం అందుకున్నాడు. రికార్డుగా నమోదు కావాలంటే మాత్రం రెండు దిశల్లో పరుగెత్తి, ఆ రెండింటి సగటు తీయాలి. గాలివాటం లాభం ఎవరికీ దక్కకూడదన్నది నియమం. ఆ సగటు 183.59 మైళ్ళుగా ప్రకటించారు. 1000 సి.సి. లోపు తరగతిలో ఆ రికార్డు ఆయన బతికుండగా చెదరలేదు, ఆ తరువాత కూడా దశాబ్దాల పాటు నిలిచింది.

ఆ ఏడాదే ఒక పరుగులో ప్రాణం తృటిలో దక్కింది. ఆయనే తరువాత వివరించిన ప్రకారం, సగం దూరంలో బండి ఊగిసలాడడం మొదలైంది. వేగం తగ్గించడానికి తొడుగు పైకి లేచి కూర్చుంటే గాలి దెబ్బకు కళ్ళద్దాలు ఎగిరిపోయాయి, కళ్ళు మూతలు పడ్డాయి. మార్గం గుర్తుగా పాతిన ఇనుప స్తంభాన్ని అంగుళాల తేడాతో తప్పించుకుని, చివరకు బండిని పక్కకు పడవేసి ఉప్పు మీద జారిపోయాడు. కొద్దిపాటి గీతలతో బయటపడ్డాడు. దీనిని ధైర్యమని కీర్తించడం సులభం. గుండెజబ్బు ఉన్న 68 ఏళ్ళ వ్యక్తి, చేతి ఆకురాయితో చెక్కిన రాడ్ల మీద నమ్మకముంచి ఆ వేగంతో పోవడం సమర్థనీయమా అన్నది వేరే ప్రశ్న. ఆయన మాత్రం తన ప్రాణాన్ని తప్ప ఇతరుల ప్రాణాన్ని ఆ మైదానంలో పణంగా పెట్టలేదు.

చలనచిత్రాన్ని చూసినవారు ఒక సంగతి తెలుసుకోవాలి. ఎన్నో ప్రయాణాలను కలిపి చిత్రంలో ఒకే ప్రయాణంగా చూపారు. వేగం కూడా 200 మైళ్ళు దాటినట్టు చిత్రించారు. అధికారిక పట్టికలో మన్రో వేగం ఎన్నడూ 200 దాటలేదు. ఆ చిత్రాన్ని తీసిన రోజర్ డొనాల్డ్‌సన్, మన్రో సజీవుడిగా ఉన్నప్పుడే, 1970ల తొలినాళ్ళలో ఆయనపై ఒక లఘుచిత్రం తీశాడు. కల్పన కన్నా వాస్తవం కావాలనుకునేవారికి ఆ లఘుచిత్రమే మిన్న. షెడ్డు, బల్ల, ముక్కలు అన్నీ ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి.

చివరి దశ వేగంగా ముగిసింది. 1977లో పక్షవాతం సోకింది. చేతికీ కంటికీ పొందిక తప్పిందని ఆయనే గ్రహించాడు. రెండు బండ్లూ తన ప్రాంతం దాటి పోకూడదని కోరుకుని, వాటిని ఇన్వర్‌కార్గిల్‌లోని ఇ. హేయస్ అండ్ సన్స్ అనే ఇనుప సామాన్ల దుకాణదారులకు అమ్మాడు. 1978 జనవరి 6న, 78వ ఏట మరణించాడు. మొలలు, సుత్తులు, స్పానర్లు అమ్మే ఆ దుకాణంలోనే ఆయన స్కౌట్ ప్రదర్శనకు చోటు చేసుకుంది. అంతకన్నా తగిన చోటు మరొకటి ఉండదనిపిస్తుంది.

2006లో అమెరికా మోటారు సైకిళ్ళ సంఘం ఆయన పేరును తన ప్రతిష్ఠాత్మక పట్టికలో చేర్చింది. అదే కాలం నుండి ఇన్వర్‌కార్గిల్‌లో ఆయన పేరిట వార్షిక పోటీలు ప్రారంభమై, ఒరేటీ ఇసుక మీద మళ్ళీ ఇంజన్ల మోత వినిపించింది. 2014లో మరో విశేషం జరిగింది. 1967 నాటి సగటు లెక్కలో పొరపాటు దొర్లిందని ఆయన కుమారుడు గమనించాడు. సంఘం పాత కాగితాలు తీసి మళ్ళీ లెక్కవేసింది. మన్రో మరణించిన 36 సంవత్సరాలకు ఆయన రికార్డు 183.59 నుండి 184.087 మైళ్ళకు పెరిగింది. ఏ భాగం మార్చకుండానే, ఏదీ విరగకుండానే ఆ యంత్రం గంటకు మరో అర మైలు వేగం సంపాదించుకుంది.